బూడిద వాటా

అనగనగా భవానీపురం కరకట్ట కింద ఒక సందు. ఆ సందు మొదట్లో ఒక పాకహోటలు. తెల్లవారుజామున నాలుగింటికే హోటలాయన పొయ్యి రాజేసేవాడు. కృష్ణలో మునిగి వచ్చేవాళ్లు, లారీ డ్రైవర్లు, బడికెళ్లే పిల్లలు అందరికీ అక్కడే టిఫిను. ఇడ్లీ చవక, అల్లం చట్నీ ఘాటు. సందు మొత్తానికి ఆ హోటలంటే ప్రాణం.

మొదట్లో కట్టెల పొయ్యి. వచ్చే బూడిద కొంచెమే. గిన్నెలు తోముకోవడానికి, బీరపాదుకు చల్లుకోవడానికి ఇరుగుపొరుగు అడిగి పట్టుకెళ్లేవాళ్లు. బేరం పెరిగాక ఆయన రాక్షసి బొగ్గు తెప్పించాడు. మంట బాగానే వచ్చింది, బూడిద మాత్రం గంపలకొద్దీ మిగిలింది. దాన్ని అడిగేవాళ్లు లేరు. ఎక్కడ పొయ్యాలో తోచక వెనక గోడ అవతలికి గుమ్మరించడం మొదలుపెట్టాడు.

గోడ అవతల ఒక మామ్మగారి పెరడు, పెరట్లో నుయ్యి. పొద్దున్నే ఆవిడ చేద పైకి లాగితే నీళ్ల మీద సన్నటి పొర. వేలితో పక్కకు నెడితే మళ్లీ దగ్గరకు చేరేది. తులసికోట మీద బూడిద, ఆరేసిన చీర మడతల్లో బూడిద. ఆవిడ ఆ హోటల్లో ఒక్కనాడూ తిన్న మనిషి కాదు. చద్దన్నంతో సరిపెట్టుకునేది.

"ఏమయ్యా, నా నుయ్యి పాడైపోతోంది" అంది ఒకనాడు.

"పొయ్యి ఆపితే సందంతా పస్తుండాలి మామ్మగారూ. మీ ఒక్కరి కోసం ఇంతమంది కడుపు మాడ్చమంటారా?" అన్నాడాయన. సందులోవాళ్లూ ఆ మాటే అన్నారు.

కొన్నాళ్లకు హోటలాయన కొడుకు బొగ్గు పొయ్యికి తోడుగా కొత్త పొయ్యి తెచ్చాడు. పొగ లేదు, మసి లేదు. అందులో వేసేది చిటికెడు పొడి, తీసేదీ చిటికెడు బూడిదే. సందులోవాళ్లు సంబరపడ్డారు. ఆ పొడి తెచ్చిన బండివాడు మాత్రం మామ్మగారి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతూ చెప్పాడు: "ఈ చిటికెడు కోసం మా ఊళ్లో గుట్టంత రాయి పిండి చేశారమ్మా. ఆ పిండంతా మా చెరువు పక్కనే పోశారు."

ఆ చిటికెడు బూడిదను కొడుకు కుండలో పెట్టి, మూత బిగించి, గోడ వారనే పాతాడు. "ఇక్కడ మాత్రం తవ్వకండి మామ్మగారూ" అన్నాడు.

"ఎన్నాళ్లు?"

"మీ మునిమనవళ్ల మునిమనవళ్లు కూడా తవ్వకూడదు."

"మరి వాళ్లకు చెప్పేదెవరు నాయనా?"

ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే రావిచెట్టు కింద పంచాయితీ పెట్టారు. మామ్మగారు ఒకటే అడిగింది. "పొయ్యి ఆర్పమనను. ఇడ్లీ తిన్నవాళ్లు బొగ్గు బూడిద తలో దోసెడు ఇంటికి పట్టుకెళ్లండి. నా గోడ మీదుగా మాత్రం పోయకండి." కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

మూడో రోజుకే ప్రతి ఇంటి మూలా బూడిద పొట్లాలు. వారం తిరక్కుండానే జనం పొయ్యి చుట్టూ మూగారు. పాత్ర మూత సరిగ్గా కూర్చోవడం లేదని, సగం ఆవిరి గాలికే పోతోందని ఒకడు పట్టుకున్నాడు. మధ్యాహ్నం బేరం లేనప్పుడు మంటెందుకని మరొకడు అడిగాడు. గిన్నెలు కడిగే నీళ్లు ఎండలో పెడితే కాగవా అంది ఒకావిడ. బూడిద సగానికి తగ్గింది. ఇడ్లీ ఒక్కటి కూడా తగ్గలేదు. గోడ వార పాతిన కుండ మాత్రం అలాగే ఉంది.

నీతి: ఇడ్లీ ఎవరు తింటే బూడిద వాళ్లే మోయాలి.

ఆ పొయ్యి మనకు దూరంలో లేదు. భవానీపురం నుంచి హైదరాబాద్ రోడ్డున పోతే ఇబ్రహీంపట్నం వస్తుంది. అక్కడి నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979 నుంచి బొగ్గు కాలుస్తోంది. ఆరు 210 మెగావాట్ల యూనిట్లకు తోడు 500, 800 మెగావాట్లవి చేరి సామర్థ్యం 2,560 మెగావాట్లయింది. మన దేశపు బొగ్గులో నూటికి 30 నుంచి 40 పాళ్లు బూడిదే. ఒక యూనిట్ కరెంటుకు రమారమి 700 గ్రాముల బొగ్గు కావాలి. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటి వాటా లెక్కేయండి. సుమారు 50 కిలోలు, ఒక సిమెంటు బస్తా అంత బూడిద. కొంత సిమెంటులో, ఇటుకల్లో కలుస్తోంది, అది మంచి పనే. కానీ బూడిద చెరువు నుంచి ఎండాకాలం గాలికి లేచేది ఆ చుట్టుపక్కల ఇళ్ల మీదే పడుతుంది. మన గుమ్మంలో పడదు.

ఇక రెండో పొయ్యి, అణువిద్యుత్తు. దానికి పొగ లేదు, కర్బనం చాలా తక్కువ. ఇది ఒప్పుకోవాల్సిన నిజం. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. అయితే కథలో బండివాడి ఊరు కడప జిల్లాలో ఉంది. తుమ్మలపల్లె గనిలో టన్ను రాయి పిండి చేస్తే అర కిలో యురేనియం కూడా రాదు. మిగిలిన పిండి వ్యర్థాల చెరువుకు పోతుంది. బోర్ల నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండిపోయాయని ఆ దరిదాపుల రైతులు మొత్తుకున్నారు. గని సంస్థ కాదంది. ఎవరి మాట నిజమో తేలేదాకా ఆ నీళ్లతో బతకాల్సింది ఆ ఊళ్లవాళ్లే. యురేనియం తీసేసినా రాతిలోని రేడియోధార్మికతలో చాలా భాగం ఆ పిండిలోనే ఉండిపోతుంది. అందులోని థోరియం-230 సగానికి తరగాలంటే సుమారు 75 వేల ఏళ్లు పట్టాలి. మన ఎగువనున్న అమరావతి స్తూపం వయసు రెండువేల ఏళ్ల పైచిలుకు మాత్రమే.

అలాంటి గని మన కృష్ణ ఒడ్డుకూ వచ్చేదే. నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వుతామంటే 2003లో ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చిన జనం గట్టిగా ఎదిరించారు. నల్లమలలో తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించింది. సాగర్‌లో వదిలిన నీళ్లు పులిచింతల దాటి వచ్చి మన పున్నమి ఘాట్ మెట్లను తాకుతాయి. ప్రకాశం బ్యారేజీ కింద 13 లక్షల ఎకరాల డెల్టాకూ ఆ నీళ్లు వెళ్తాయి.

అందుకే ఈ పూట ఖాళీ గదిలో తిరుగుతున్న ఫ్యాను ఆపండి. డాబా మీద వీలుంటే సోలార్ పలకలు పెట్టించండి. గనికోసమో, కేంద్రంకోసమో ఎక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగినా, అది మన జిల్లా కాకపోయినా, వెళ్లండి. బూడిద ఎక్కడ పోస్తారని, ఎన్నేళ్లు కాపలా కాస్తారని అడగండి. అక్కడ తవ్వకూడదని మన తరువాతివాళ్లకు చెప్పేదెవరని మామ్మగారి మాటగా అడగండి.