మంచము ప్రక్కనున్నవారు

పూర్వులు రాచపుండని పిలిచిన కాన్సరు ఇంటి పెద్దకు సోకినదని తెలిసిన నాటినుండి ఆ యింట రోగులు ఇద్దరగుదురు. ఒకరు మంచముమీద నుందురు, రెండవవారు మంచము ప్రక్కన. ఈ రెండవవారిని ఏ వైద్యుడును పరీక్షింపడు.

పట్టాభిరామున తెల్లవారుజామున రైలెక్కి, సెంట్రలులో దిగి, అచటినుండి అడయారు చేరు కుటుంబములను మేమెరుగుదుము. ఒక చేత చీటీల సంచి, వేరొక చేత మజ్జిగ సీసా, భుజముపై తండ్రి చేయి. జీవితమంతయు తమిళదేశమున గడపి, అంగడిలో తమిళము ధారాళముగా మాటలాడిన పెద్దలు గూడ నొప్పి కలిగినప్పుడు తెలుగులోనే చెప్పుకొందురు. కడుపులో త్రిప్పుటకును దేవుటకును గల భేదమును కొడుకో కోడలో తమిళములోనికి మార్చి వైద్యునకు చెప్పవలెను. వైద్యుడు చెప్పినదానిలో కొంత దాచి పెద్దవారికి చెప్పవలెను. ఆ దాచినదానిని తామెవరితో చెప్పుకొందురు? రసాయన చికిత్సలో నున్నవారికి జ్వరము వచ్చినచో తెల్లవారువరకు ఆగరాదు. కనుక వీరికి నిద్రలోను చెవి మేలుకొనియే యుండును.

“కన్నవారికి చేయుటలో అలసట యేమి?” అని మనవారందురు. ఒక్క రాత్రి నిద్ర కోరిన కోడలినిగూర్చి మేమును ఒకప్పుడట్లే అనుకొంటిమి. అది తప్పని యిప్పుడు తోచుచున్నది. శ్రవణకుమారుని కావడిని తరతరములుగా పొగడితిమి. ఆ భుజము నొచ్చెనా యని అడిగినవారు లేరు. అతడు నేలకొరిగిన పిదప ఆ వృద్ధులును బ్రతుకలేదు. కథలోని ఆ భాగమును మనము దశరథుని శాపముకొరకే చెప్పుకొందుము. ఋణము బిడ్డలందరిది, మోయునది మాత్రము దగ్గరనున్న ఒక్కరు. దూరపు బిడ్డలు ఫోనులో సలహాలిత్తురు!

డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు తమ సోదరిని ఈ వ్యాధికే కోల్పోయి, ఆ దుఃఖమును మరువక, 1954 లో అడయారున 12 పడకలతో కాన్సరు ఆసుపత్రిని తెరపించిరి. అంతటి పని అందరికిని సాధ్యము గాదు. మన సంఘమువారికి సాధ్యమైనది ఒక పూట.

పరామర్శకు పోయి “ఎంత చిక్కిపోయినారో” యని రోగి యెదుట నిట్టూర్చి, కాఫీ త్రాగి వచ్చుట మనకలవాటు. ఆ కాఫీ కాచువారెవరో ఆలోచింపము. పండ్లు తేనక్కరలేదు. మధ్యాహ్నము రెండు గంటలకు పోయి అయిదింటివరకు పెద్దాయనతో ఊరి ముచ్చట్లు తెలుగులో చెప్పుచు కూర్చుండుడు. కోడలు ఆ మూడు గంటలు పడుకొనును. ఆమె పడుకొన్నదని మరియొక యింట చెప్పకుడు.