నీరటి లేని నీటి చరిత్ర

నీటిపారుదల వారసత్వం మ్యూజియంలో ఇముడుతుందా అన్న చర్చ ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో సాగడం వింతగా తోచవచ్చు గాని, తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది పరాయి విషయం కాదు. ఈ సంవాదంలో ఇద్దరున్నారు: రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన, గోదావరి ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ పేరిట ధవళేశ్వరంలో ఉన్న మ్యూజియం చూసి వచ్చిన ఆయన మేనకోడలు.

"మామయ్యా, గోదావరి ఆనకట్ట నమూనాలు, ఆనాటి పనిముట్లు అన్నీ ఉన్నాయక్కడ. 1847లో మొదలుపెట్టి 1852కల్లా నదికి అడ్డంగా కట్టి, నీటిమట్టం పెంచి కాలువల్లోకి ఎలా మళ్లించారో చూడగానే తెలుస్తుంది. మ్యూజియం అంతకంటే ఏం చేయాలి?"

"ఆ విద్య ఎక్కడిదో కూడా చెప్పాలమ్మాయీ. లోతు తెలియని ఇసుకలో పునాది వేయడం కావేరి మీది పాత ఆనకట్ట కల్లణైని చూసి నేర్చుకున్నామని కాటన్ దొరే ఒప్పుకున్నాడు. రాళ్లను ఇసుకలోకి దిగనిచ్చి, దిగినకొద్దీ మీద మరిన్ని పేరుస్తూ పోతే ఒక దశలో అడుగు గట్టిపడుతుంది. ఆ రాళ్లు మోసినవాళ్లలో ఒక్కరి పేరూ మనకు దక్కలేదు."

"పేరు పోయినా పద్ధతి నిలిచింది కదా!"

"కట్టే పద్ధతి నిలిచింది, పంచే పద్ధతి మాటేమిటి? చెరువు తూము, అంటే కట్ట అడుగున నీరు వదిలే దారి, ఎప్పుడు ఎంత తెరవాలో చూసుకునే గ్రామ సేవకుడు నీరటి. తూము రాయిని తెచ్చి నిలబెట్టవచ్చు. కరువు ఏడాది ఎవరి మడికి ముందు తడి ఇవ్వాలో అతను తేల్చడాన్ని, ఊరు దానికి కట్టుబడడాన్ని ఎక్కడ నిలబెడతారు?"

ఈ వాదం బలమైనదే అయినా అందులో పాత ఊరిపై మమకారం కొంత ఎక్కువ. నీరటి పని చాలాచోట్ల దళిత కుటుంబాలదని, ఊరందరి పొలాలు తడిపినవారికి ఆ పొలాల్లో దక్కిన హక్కు అంతంతమాత్రమేనని మేనకోడలు గుర్తుచేసినప్పుడు పెద్దాయన కాదనలేకపోయారు.

సంభాషణ అక్కడి నుంచి వాళ్లుంటున్న ఖరగ్‌పూర్ ప్రాంతానికి మళ్లింది. రైళ్లకన్నా కాలువలే దేశానికి మేలని కాటన్ గట్టిగా వాదించాడు. ఆ ఆలోచనల ఊపులోనే మిద్నాపూర్ దగ్గర కంసావతి నదికి ఆనకట్ట కట్టి, సాగుకూ పడవలకూ పనికొచ్చేలా ఉలుబేరియా దాకా కాలువ తవ్వారు. 1900లో ఖరగ్‌పూర్‌ను హౌరాతో కలుపుతూ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వచ్చాక ఆ కాలువలో పడవల రాకపోకలు క్షీణించాయి.

"అయితే మన జీతాలు ఆ కాలువను ఓడించిన రైలువే కదా, మామయ్యా. దాని కథ కూడా మనమే చెప్పొద్దూ?"

చెప్పాల్సిందేనని ఆయన అంగీకరించారు. నమూనాల పక్కన వంతులవారీగా నీళ్లు పంచుకున్న తీరునూ, వంతు అందనివారి ఫిర్యాదులనూ పెట్టాలని ఆమె కోరగా, అవి కాలువ చివరి భూముల రైతుల నోట వినవలసినవని, వృద్ధులు ఉండగానే వెళ్లి అడగాలని ఆయన పట్టుబట్టారు.