లెక్కలు ఎవరు చెబుతున్నారు ఫాదర్?



పదేళ్ళ క్రితం నేను వేరొక విచారణలో గురువుగా ఉన్నప్పటి మాట. అక్కడి విచారణ బడికి కరస్పాండెంటును కూడ నేనే. ఒక ఆదివారం పూజ ముగిసి, జనం గుడి మెట్లు దిగుతుండగా ఒక తల్లి నా దగ్గరకు వచ్చి నిలబడింది. కూలిపనికి వెళ్ళే మనిషి. కొడుకు మా బడిలో ఏడవ తరగతి. "మావాడికి ఇప్పుడు లెక్కలు ఎవరు చెబుతున్నారు ఫాదర్ గారూ?" అని అడిగింది.

దసరా సెలవుల తరువాత మా లెక్కల మాస్టారు తిరిగి రాలేదు. వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. మేమిచ్చే జీతానికి ఇంకెవరూ దొరకలేదు. ఆ ఊరి అమ్మాయినే ఒకరిని తరగతిలో నిలబెట్టాను. ఇంటర్లో సి.ఇ.సి., తరువాత బి.ఏ. పదవ తరగతి దాటాక ఆమె లెక్కల పుస్తకం తెరవలేదు. బి.ఇడి. లేదు. ఓర్పు గలది, సమయానికి వచ్చేది, పిల్లలను కొట్టేది కాదు. నేను ఆ తల్లితో "మంచి టీచరమ్మే చెబుతోందమ్మా, నువ్వేమీ దిగులు పెట్టుకోకు" అన్నాను. ఆమె దండం పెట్టి వెళ్ళిపోయింది.

నేను చెప్పినది అబద్ధమా? ఆ అమ్మాయి మంచిదే గదా! గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన వారికి ఇటువంటి మాటలు ఏ గదిలో సర్దిపెట్టాలో బాగా తెలుసు. నోటితో సగం చెప్పి, మిగిలిన సగాన్ని మనసులోనే ఉంచుకుని, "నేను అబద్ధమాడలేదు" అనుకొనే నేర్పు ఒకటి ఉంది. పాతకాలపు నీతిశాస్త్ర పండితులలో కొందరు దానిని సమర్థించారు కూడ. 1679లో పదకొండవ ఇన్నోసెంట్ పోపుగారు ఆ వాదాన్ని ఖండించారు. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. అయినా ఆ తల్లి ముందు నేను చేసింది అదే. ఆమె అడిగింది టీచరమ్మ గుణం గురించి కాదు, లెక్కల గురించి. ఆ నెల నేను పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పలేదు. అది పాపమని నాకు తోచనే లేదు.

తోచినది చాలాకాలం తరువాత, ఒక ఉత్తరం చూసినప్పుడు. ఇప్పుడున్న విచారణలో ఒక కుటుంబం వారి అమ్మాయి అమెరికాలో స్థిరపడింది. సెలవులకు వచ్చి, మాటల సందర్భంలో తన కొడుకు చదివే ప్రభుత్వ బడి నుండి వచ్చిన ఉత్తరాన్ని సెల్‌ఫోనులో చూపించింది. మీ అబ్బాయికి వరుసగా నాలుగు వారాలకు పైగా పాఠం చెబుతున్న వ్యక్తికి ఆ తరగతికి రాష్ట్రం నిర్ణయించిన అర్హత లేదని తెలియజేస్తున్నాము అని అందులో సారాంశం. నేను నమ్మలేక రెండుసార్లు చదివాను. బడివారే తమ లోపాన్ని తల్లికి రాసి పంపడమా?

అది వారి దయ కాదు, చట్టం. పేద పిల్లల చదువుకోసం కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే బడులు, టీచరు అర్హతలను అడిగి తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకు ఉన్నదని ప్రతి సంవత్సరం వారికి తెలియజేయాలి. నాలుగు వారాలు దాటితే అడగకుండానే చెప్పాలి. 2002 నాటి 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం ఇలాంటి నియమాన్ని తెచ్చింది. దాని స్థానంలో 2015లో వచ్చిన చట్టం కూడ దానిని ఉంచింది. "ఉత్తరం వచ్చింది గాని టీచరు రాలేదు ఫాదర్" అని ఆ అమ్మాయి విసుక్కున్నది. నిజమే, ఉత్తరం లెక్కలు నేర్పదు. కాని ఆమె ఆ వారం నుండే సాయంత్రాలు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని తానే లెక్కలు చేయించింది. తెలిసింది గనుక చేయించింది.

ఆ రాత్రి నేను లెక్క వేసుకున్నాను. అక్టోబరు నుండి మార్చి దాకా, ఇరవై వారాలకు పైన నేను మౌనంగా ఉన్నాను. ఆ తల్లి చదువుకున్నది కాదు, తానే లెక్కలు చేయించలేకపోవచ్చు. కాని వాళ్ళ వీధిలో పాలిటెక్నిక్ చదివే కుర్రవాడు ఉన్నాడు. అడిగి ఉంటే కాదనేవాడు కాదు. అడగవలసిన అవసరం ఉన్నదని ఆమెకు తెలియనివ్వనిది నేను.

మన దేశంలో చట్టం లేదా అంటే, ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. టీచరుకు కనీస అర్హత ఉండాలని అందులోని 23వ విభాగం చెబుతుంది. ఒకటి నుండి ఐదు తరగతులకు ఇంటర్మీడియట్‌తో పాటు రెండేళ్ళ డి.ఇడి., ఆరు నుండి ఎనిమిదికి డిగ్రీతో పాటు శిక్షణ, వీటికి తోడు టెట్ పరీక్షలో ఉత్తీర్ణత. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు పొరబడే విషయం ఒకటుంది. బి.ఇడి. పెద్ద చదువు, డి.ఇడి. చిన్న చదువు గనుక, చిన్న తరగతికి బి.ఇడి. టీచరు దొరికితే అదృష్టమనుకుంటారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు దీనికి భిన్నంగా తీర్పు చెప్పింది. పసిపిల్లలకు అక్షరం నేర్పడం వేరే విద్య, దానికి బి.ఇడి. అర్హత కాదన్నది. ఒకటవ తరగతి పిల్లవాడి చేత 'క'కు దీర్ఘం ఇప్పించడం ఎంత కష్టమో మన ఉపదేశి మాస్టార్లను అడగండి.

సర్కారు బడిలోనూ, ఎయిడెడ్ బడిలోనూ విద్యా కమిటీ ఉండాలనీ, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలనీ అదే చట్టం చెబుతుంది. మన విచారణ పిల్లలలో చాలామంది సర్కారు బడులలోనే చదువుతున్నారు. వారి తల్లులలో ఆ కమిటీలో పేరు ఉన్నవారిని నేను ఎరుగుదును. సంతకమో వేలిముద్రో వేసి వస్తారు. "ఏమి అడిగావమ్మా?" అంటే, "మధ్యాహ్న భోజనంలో గుడ్డు గురించి అడిగాను ఫాదర్" అన్నది ఒకామె. మంచి ప్రశ్నే. ఐదు తరగతులకు ఎంతమంది టీచర్లున్నారు, ఎన్ని పోస్టులు ఖాళీ, ఎప్పటి నుండి ఖాళీ అని అడగవచ్చునని ఆమెకు ఎవరూ చెప్పలేదు. దేశంలో ప్రతి బడికీ పదకొండు అంకెల యు-డైస్ కోడ్ ఉంటుంది. బడి ప్రభుత్వానికి ఇచ్చిన వివరాలు ఆ కోడ్ ద్వారా ఇంటర్‌నెట్‌లో చూడవచ్చు. ఇంట్లో సెల్‌ఫోను ఉన్న కుర్రవాడికి చెబితే చూసిపెడతాడు. మన బడుల వివరాలు కూడ అందులో ఉన్నాయి.

మన బడులు! అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, విద్యాహక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని తీర్పునిచ్చింది. మనవాళ్ళు సంతోషించారు. నేనూ సంతోషించాను. మన సంస్థలను మనమే నడుపుకొనే హక్కు చిన్నది కాదు. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పుపై సందేహాన్ని వ్యక్తం చేసి, విస్తృత ధర్మాసనం పరిశీలించాలని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. న్యాయస్థానం పని న్యాయస్థానానిది. నా ప్రశ్న వేరు. చట్టం అడగనంత మాత్రాన నేను ఆ తల్లికి బాకీ లేనట్టేనా?

పునీత తోమా అక్వినాసుగారు సత్యం చెప్పడాన్ని న్యాయానికి చేరువలో ఉంచుతారు. న్యాయమంటే ఎవరికి రావలసినది వారికి ఇవ్వడం. సత్యం కూడ ఒకరికి రావలసిన బాకీయే అంటారాయన. అయితే అది చట్టం వసూలు చేసే బాకీ కాదు, మనిషి నిజాయితీ మీద ఉన్న బాకీ. ఒకరి మాటను ఒకరు నమ్మకపోతే మనుషులు కలిసి బ్రతకలేరన్నది ఆయన చెప్పే కారణం. నోటు రాయని అప్పు తీర్చడం పరువు గల రైతుకు తెలియనిది కాదు. ఇక శ్రీసభ చట్టం సంగతి. కతోలిక బడిలో చెప్పే చదువు ఆ ప్రాంతంలోని ఇతర బడుల చదువుకు కనీసం సమానంగా ఉండేలా చూడవలసిన బాధ్యత బడి నడిపేవారిదని 806వ అధికరణం చెబుతుంది. సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు ఈ అధికరణం నుండి నన్ను తప్పించదు.

మీలో కొందరు గురువులు, సిస్టర్లు ఇది చదివి ఏమంటారో నాకు తెలుసు. "ఫాదర్, నిజం చెబితే పిల్లలను తీసుకుపోతారు. ఫీజులు పోతాయి. బడి మూతపడితే నష్టపోయేది ఆ పేదవాళ్ళే గదా?" ఈ మాటను నేను తేలికగా తీసివేయలేను. ఇప్పుడున్న విచారణలో, ఆ ఉత్తరం చూసిన తరువాత సంవత్సరం, తల్లిదండ్రుల సమావేశంలో ఏ తరగతికి ఎవరు చెబుతున్నారో, వారు ఏమి చదివారో, ఎక్కడ ఖాళీ ఉందో చదివి వినిపించాను. ఏడుగురు పిల్లలను తీసుకుపోయారు. వారిలో నలుగురు చేరిన బడిలో టీచర్లు ఏమి చదివారో నేటికీ ఎవరికీ తెలియదు. చెప్పినందువల్ల మేలు జరిగిందని మీకు చూపడానికి నా దగ్గర ఏమీ లేదు. కాని భయంతో దాచినప్పుడు, బడిని ఎవరికోసం కాపాడుతున్నానో ఆ మనిషి చేత, ఆమెకు తెలియకుండా ఆ నష్టాన్ని మోయిస్తున్నాను. ఆమె ఒప్పుకుంటే అది త్యాగం. అడగకుండా మోయిస్తే దానిని ఏమనాలి?

టీచర్ల మర్యాద సంగతి కూడ ఆలోచించాను. అర్హత లేని టీచరు చెడ్డ టీచరని నేననను. 1990లలో విద్యా వాలంటీర్లుగా వచ్చిన ఇంటర్ కుర్రాళ్ళు ఎందరో మారుమూల ఊళ్ళలో పిల్లలకు అక్షరాలు నేర్పారు. బి.ఇడి. పట్టా ఉండి పేపరు చదువుకుంటూ కూర్చునేవారినీ చూశాను. అందుకే సమావేశానికి ముందు టీచర్లందరినీ పిలిచి, ఏమి చదవబోతున్నానో చెప్పాను. ఒకామె ముఖం చిన్నబుచ్చుకుంది. "నా పదిహేనేళ్ళ పని కూడ చదవండి ఫాదర్" అన్నది. చదివాను. అది చదవాలని నాకు ముందు తోచకపోవడం నా తప్పు.

ఫలితాల విషయంలో దాచడం మరో విధంగా జరుగుతుంది. అక్కడ మౌనం ఉండదు, ఫ్లెక్సీలు ఉంటాయి. 'పదవ తరగతిలో నూటికి నూరు శాతం' అన్న ఫ్లెక్సీ చూసినప్పుడు, ఆ పిల్లలు తొమ్మిదిలో ఉన్నప్పుడు ఎంతమంది, పరీక్షకు కూర్చున్నది ఎంతమంది అని అడగండి. మధ్యలో టి.సి. ఇచ్చి పంపిన బలహీనమైన పిల్లవాడు ఏ శాతంలోనూ కనబడడు. ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2024లో 86.69 శాతం. రెండేళ్ళలో రాష్ట్రంలోని టీచర్లందరూ అంత మారిపోయారా? కరోనాలో మూతపడిన బడుల ప్రభావం 2022 అంకెలో ఉంది. అంకె వెనుక కథ అడగనిదే అంకె ఏమీ చెప్పదు. గ్రామాలలో జరిగే 'అసర్' సర్వేవారు పిల్లవాడి ఇంటికే వెళ్ళి, రెండవ తరగతి స్థాయి పాఠం చదవమంటారు. 2022లో దేశంలో ఐదవ తరగతి పిల్లలలో దానిని చదవగలిగినవారు సుమారు 43 శాతం. ఈ పరీక్ష మీ ఇంట్లోనే చేయవచ్చు. మీకు చదువు రాకపోతే పక్కింటివారి ముందు చదివించండి. అందులో సిగ్గు లేదు.

నాకు ఆశ్చర్యమేమిటంటే, మన రైతులు విత్తన సంచి కొనేటప్పుడు చీటీ చూడనిదే కొనరు. మొలక శాతం ఎంత, గడువు ఎప్పటిదాకా అని చూస్తారు. వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలని వారికి నేను చెప్పనక్కరలేదు. అదే మనిషి జూన్‌లో పిల్లవాడిని చేర్చడానికి వచ్చి ఫీజు ఎంత, బస్సు వస్తుందా, ఇంగ్లీషు మీడియమేనా అని అడిగి ఊరుకుంటాడు. ఎకరం పైరు పోతే మరుసటి సంవత్సరం వేసుకోవచ్చు.

ఇప్పుడు మా బడి గేటు పక్కన ఒక నల్లబల్ల పెట్టించాను. టీచర్ల పేర్లు, చదువు, ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారు, ఏ తరగతికి చెబుతున్నారు అన్నీ సుద్దముక్కతో రాసి ఉంటాయి. మారినప్పుడల్లా చెరిపి రాస్తాము. మొన్న ఒక తాత మనవడిని బడిలో దించడానికి వచ్చి, బల్ల ముందు ఆగి వాడి చేత చదివించుకుంటున్నాడు. పిల్లవాడు వేలితో చూపుతూ ఒక్కొక్కటే చదివి, "ఎనిమిదవ తరగతి, భౌతికశాస్త్రం, ఖాళీ" అన్నాడు. తాత వెనక్కు తిరిగి నన్ను చూశాడు.

"ఎప్పటికి వస్తారు ఫాదర్?"

రెండుసార్లు ప్రకటన ఇచ్చామనీ, ఇంతవరకు ఎవరూ రాలేదనీ, ఎప్పటికి వస్తారో నాకు తెలియదనీ చెప్పాను. ఆయన కాసేపు నిలబడి, పిల్లవాడి సంచి సర్ది లోపలికి పంపించి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.