విడిచిన ముద్ద, దొరకని ముద్ద

ఒక్కపొద్దు పుణ్యం కడుపు మాడటంలో ఉందా, ఎదురుగా ఉన్న అన్నాన్ని తనంతట తాను విడవడంలో ఉందా? పాత నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్నకు రెండు ప్రాచీన సాక్ష్యాలున్నాయి: కొలనుపాక జైన క్షేత్రం, ఫణిగిరి బౌద్ధారామం. ఆకలి పూర్తిగా తీరకముందే విస్తరి ముందు నుంచి లేవడాన్ని జైనం ‘ఊనోదరి’ అని తపస్సుల్లో చేర్చింది. బుద్ధుడు మాత్రం ఎముకలు తేలేదాకా పస్తులుండి, అందులో జ్ఞానం లేదని తేల్చుకుని మధ్యేమార్గం పట్టాడు. దారులు వేరైనా, తినగలిగినవాడు తగ్గించుకోవడమే సాధన అన్నది రెండింటిలోనూ ఉంది.

శరీరం కూడా ఇదే చెబుతోంది. వయసుతో పాటు ఒంట్లో సన్నగా రాజుకునే ఇన్‌ఫ్లమేషన్ గుండెజబ్బులకు, మధుమేహానికి తోడవుతుంది. అమెరికాలో ‘కాలెరీ’ అనే పరీక్షలో స్థూలకాయం లేని 218 మంది ఆరోగ్యవంతులను తీసుకుని, కొందరిని రెండేళ్లపాటు 25 శాతం తక్కువ తినమన్నారు. వాళ్లు సగటున తగ్గించగలిగింది 12 శాతమే. అయినా ఇన్‌ఫ్లమేషన్‌ను తెలిపే సీఆర్‌పీ వంటి సూచికలు తగ్గాయి. అయితే విటమిన్లు, కాల్షియం విడిగా ఇచ్చినా వాళ్ల ఎముకల సాంద్రత కొంత పడిపోయింది.

తక్కువ తినడం మేలైతే పేదవాడి పస్తు కూడా మేలే కదా అని ఎవరైనా అనవచ్చు. కరువుకు ఊరొదిలి మట్టిపనికి వలసపోయిన పాలమూరు కూలీల బతుకే దానికి జవాబు. పోషకాలు అందని ఒంట్లో రోగనిరోధక శక్తి సన్నగిల్లి జబ్బులు ముసురుతాయి. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు కూడా కాల్షియం చాలని ఎముకలనే ఎక్కువగా వంచాయి. పరీక్షలో తగ్గింది కేలరీలు. పేద ఇంట్లో తగ్గేది పప్పు, పాలు, కూరగాయలు. రక్తహీనతతో ఉన్న ఇల్లాలు వారం వారం ఒక్కపొద్దు ఉండటాన్ని భక్తి అని మెచ్చుకోవడం ఆమెకు అన్యాయం చేయడమే.

భక్తిని రక్తపరీక్షతో తూచవచ్చా అన్నది మరో ఆక్షేపణ. తూచకూడదు, నిజమే. ఆరోగ్యం ఉపవాసానికి ఫలం కాదు, హద్దు. మతాలు ఆ హద్దును ముందే గుర్తించాయి: రంజాన్‌లో రోగికి, ప్రయాణికుడికి మినహాయింపు ఉంది, పండుగ నమాజుకు ముందే పేదలకు ఫిత్రా ఇవ్వాలన్న నియమమూ ఉంది. నిగ్రహం కడుపు దగ్గరే ఆగిపోతే అది పథ్యం మాత్రమే. ఉన్నవాడు విడిచిన ముద్ద లేనివాడి విస్తరికి చేరినప్పుడే ఒక్కపొద్దు ధర్మమవుతుంది.