ఆ స్వేచ్ఛకు పక్కవాద్యం

ఆశువుగా వాయించే స్వేచ్ఛ ఎవరిది? ముందు నిలబడి శాక్సఫోన్ ఊదేవాడిదేనా?

1966 మే 28న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో రికార్డు చేసిన జాన్ కోల్ట్రేన్ కచేరీ ‘లైవ్ ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్ ఎగైన్!’ ఆల్బమ్‌గా వచ్చింది. కోల్ట్రేన్, ఫారో శాండర్స్ శాక్సఫోన్లు స్వరాన్ని చీల్చుకుని అరుపుదాకా వెళతాయి. వెనక పియానో మీద ఆలిస్ కోల్ట్రేన్. అప్పటికి చిన్నకొడుకు రవికి (మన రవిశంకర్ పేరే) ఏడాది నిండలేదు. అందులో వాయించిన ‘నైమా’ కోల్ట్రేన్ మొదటి భార్య పేరు. ఆ పేరుకు ఈమె చేతులు ఆధారం పట్టాయి.

దీన్ని త్యాగం అనడం నాకిష్టం లేదు. పక్కవాద్యం త్యాగం కాదు, పని. మన అవధానంలోనూ పృచ్ఛకులు అడ్డుపడకపోతే ఆశువుకు విలువే లేదు. పద్యం మాత్రం అవధాని పేరనే నిలుస్తుంది.

1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి దారుల్లో ‘ఫ్లెక్సిబిలిటీ’ అనే మాట స్వేచ్ఛకు మారుపేరైంది. అర్ధరాత్రి క్యాబ్ ఎక్కే అమ్మాయి బిడ్డ పక్కన అమ్మో, అత్తగారో, పనిమనిషో పడుకుంటేనే ఆ స్వేచ్ఛ. రెంటినీ ఒకే గాటన కట్టను. ఒకటి నల్లజాతి కళాకారులు పోరాడి తెచ్చుకున్న గొంతు, రెండోది యాజమాన్యానికి వీలు. కానీ రెండుచోట్లా వెనకున్న శ్రమకు పేరుండదు.

1967లో కోల్ట్రేన్ పోయాడు. 1972లో ‘ఇన్ఫినిటీ’ ఆల్బమ్‌లో ఆలిస్ అతని పాత రికార్డింగులకు హార్ప్, తంబుర, వయొలిన్ల బృందం చేర్చింది. విమర్శకులు అపచారమన్నారు. ఆ క్షణంలో పుట్టింది పవిత్రమట, ముట్టుకోకూడదట! ఆ రికార్డింగుల్లో కొన్నిటిలో పియానో వాయించింది ఆమే కదా. తాను పుట్టించినదాన్ని తాను ముట్టుకుంటే మైల ఎలా అవుతుంది?

అయినా ఒక చిక్కు మిగులుతుంది. బతికున్న తోడు వాద్యగాడు కచేరీలో బదులిస్తాడు, తప్పుకుంటాడు, కాదంటాడు. చనిపోయినవాడికి ఆ వీలు లేదు. భార్య కావడం ఆ అనుమతికి బదులు కాదు. నేను ఆమె పక్షమే, కానీ ఈ ప్రశ్నను దాటేసి కాదు.

తర్వాత ఆమె స్వామిని తురీయసంగీతానంద అయింది. కాలిఫోర్నియాలో నడిపిన ఆశ్రమం పేరులోని ‘సాయి’ మన పుట్టపర్తి నుంచి వెళ్ళిందే. ఆ భక్తి నాకు కొరుకుడుపడదు. 2004లో ‘ట్రాన్స్‌లీనియర్ లైట్’ చేసింది. అందులో శాక్సఫోన్ వాయించినవాళ్ళలో కొడుకు రవి ఒకడు. అట్టమీద పేరు ఆమెది.