కరువులో బాప్తిస్మం లేదు

విశాఖపట్నంలో మధురవాడ దాటి కొమ్మాది వైపు వెళ్తుంటే హైవేకి రెండు పక్కలా లేస్తున్న అపార్టుమెంట్లే. వాటి కింద రేకుల షెడ్లలో కాపురం ఉండేది శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశాల నుంచి పనికొచ్చిన కుటుంబాలు. ఆ షెడ్ల దగ్గరికి పాస్టరుగారు బియ్యం మూట, పిల్లలకు పలకలు పట్టుకొస్తే చాలు, ‘మతం మార్చడానికే’ అన్న మాట పుడుతుంది. అమెరికాలో మెక్సికో, గ్వాటెమాలా కుటుంబాలకు ఇంగ్లీషు నేర్పి, సరుకులు పంచే చర్చిల్లోనూ ఈ తర్జనభర్జన ఉన్నదే. అన్నం పెట్టి దేవుణ్ణి చూపిస్తే అది సేవా, బేరమా?

ఒంగోలులో ఈ ప్రశ్నను ఒక మిషనరీ తనకు తానే వేసుకున్నాడు. అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. ఆయన మాట విన్నవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. 1876లో మొదలైన మహా కరువు ఊళ్లను ఊడ్చేస్తుంటే, కుర్రతనంలో సర్వే పని నేర్చిన క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. పలుగు, పార, తట్ట పట్టుకుని వేలమంది చేరారు. మేస్త్రీలు ఆయన బోధకులే. పగలు మట్టి లెక్క చూసి, పొద్దుగూకాక కూలీల మధ్య కూర్చుని వాక్యం చెప్పేవారు. బోధ ఆగలేదు. బాప్తిస్మం మాత్రం ఆగింది. కరువు నడిచినంత కాలం ఎంత బతిమాలినా ఆయన ఒప్పుకోలేదు.

1878లో, ఇక పనీ లేదు, పంచడానికి డబ్బూ లేదని చెప్పాక కూడా జనం కదల్లేదు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున నీళ్లలోకి దిగుతూ, అలిసినవాళ్లు ఒడ్డెక్కుతూ ఆ పని నడిపించారు. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు.

కృతజ్ఞత ఒత్తిడి కాదా అని అడిగేవాళ్లున్నారు. కొంత అవును. కానీ ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి తనవాడే మేస్త్రీ అయి, పక్కన కూర్చుని మాట్లాడటమే ఒక బోధ. అక్కడ కూలి ఎక్కడ ఆగింది, సువార్త ఎక్కడ మొదలైంది? గీత గీయడం క్లౌ వల్లే కాలేదు, తేదీ వాయిదా వేయడం తప్ప. అసలు అనుమానమంతా ఎప్పుడూ పేదవాడి మీదే. గుడి కట్టించిన జమీందారు ఏ లాభం చూసుకున్నాడని ఎవరూ ఆరా తీయరు.

లాభం లెక్కే అయితే అది ఇప్పుడు తిరగబడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మాల, మాదిగ పల్లెల్లో బాప్తిస్మం కాగితం మీదికెక్కితే ఎస్సీ రిజర్వేషన్ పోతుంది. బియ్యం కోసం మారారనే వాదన ఈ నష్టం ముందు నిలబడటం కష్టం.

ఇంకో దారి అనంతపురంలో ఉంది. బార్సిలోనాలో పుట్టిన విసెంతే ఫెర్రర్ జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘంలో సన్యాసి. 1968లో మహారాష్ట్ర నుంచి వెళ్లగొట్టినా మరుసటేడు అనంతపురం వచ్చాడు. 1970లో సన్యాసం వదిలి, జర్నలిస్టు ఆన్ పెర్రీని పెళ్లాడాడు. వాళ్ల రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన డబ్బు ఇళ్లయింది, బడులైంది, బత్తలపల్లిలో ఆస్పత్రయింది. బాప్తిస్మం లెక్క అక్కడ లేనే లేదు. 2009లో పోయిన ఫెర్రర్‌ను బత్తలపల్లిలోనే సమాధి చేశారు. అది క్రైస్తవ సేవ కాదనడానికి నోరు రాదు. అలాగని క్లౌ చేసింది బేరమనడానికీ రాదు.

మధురవాడ షెడ్లలో కావలసింది బియ్యం మూటకన్నా చిక్కు పని. ఒడిశా రేషన్ కార్డు మీద ఇక్కడ సరుకు తీసుకునే వీలుంది. కానీ సిమెంటుతో అరిగిన వేళ్లకు మెషీన్‌లో వేలిముద్ర పడదు. డీలరు మళ్లీ రమ్మంటాడు. మళ్లీ వెళ్తే ఆ పూట కూలి పోతుంది. కంటిపాపతో సరిచూసే వీలుందని అడిగేందుకు భాష చాలదు. ఆ క్యూలో తోడు నిలబడేవాళ్లు కావాలి, ఒరియా వస్తే మరీ మేలు. పాస్టరుగారు ఆదివారం ప్రార్థనకు రమ్మంటే రమ్మనొచ్చు, కాకపోతే సరుకు ఇంటికి చేరాక.