గడ్డిమంట, మొద్దుమంట



పొయ్యిలో ఎండుగడ్డి వేస్తే భగ్గున మండుతుంది. అంతలోనే ఆరిపోతుంది. తుమ్మ మొద్దు అలా కాదు. నిదానంగా అంటుకుంటుంది. చాలాసేపు కాలుతుంది.

మనం తినే పిండిపదార్థాలూ అంతే. అన్నం, రొట్టె, సంగటి, బంగాళాదుంప... వీటిలోని పిండి కడుపులోకి వెళ్లాక చక్కెరే అవుతుంది. తేడా వేగంలో ఉంది. బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం గడ్డిమంట. దంపుడు బియ్యం, జొన్నరొట్టె కాస్త నిదానం.

మరి రాగులు? మంచివే. కానీ మెత్తగా ఆడించి, పలచగా కాచిన జావ గబగబా అరిగిపోతుంది. మొద్దును చీల్చి పుల్లలు చేశాం కదా! ధాన్యం పేరొక్కటే చూస్తే చాలదు. ఎంత మెత్తగా ఆడించాం, ఎలా వండాం అన్నదీ చూడాలి.

చద్దన్నం సంగతి విన్నారా? వండిన అన్నం చల్లారితే అందులో కొంత పిండి బిగుసుకుంటుంది. అది తొందరగా అరగదు. అంటే మళ్లీ నిదానపు మంటే. నాకైతే పక్కన ఉల్లిపాయ ఉండాల్సిందే.

వేడన్నమే కావాలంటారా? సరే. అన్నం ఒక పిడికెడు తగ్గించండి. పప్పు, ఆకుకూర ఇంకో గరిటె వేసుకోండి. మంట దానంతటదే నిదానిస్తుంది.

ఇవాళ మీ పొయ్యి మీద ఏముంది?